పై అంతస్తు ముందు గది

1927 ఫిబ్రవరి 7, సోమవారం. టిఫిన్ వేళ

ఈ పుస్తకం ఆఫీసుది. సగం వాడి మూల పడేశారు, మిగతా సగం నేను తీసుకున్నాను. దొంగతనమే. మొదటి పేజీలోనే ఒప్పేసుకుంటే ఒక పని అయిపోతుంది. ఇంట్లో రాయడం కుదరదు. దీపం పొగకి మా ఆవిడ సీతకు దగ్గు ఎక్కువవుతుంది. అందుకని క్రాఫర్డ్ దొర భోజనానికి వెళ్ళిన గంటలో, డ్రాయింగ్ బల్ల మీదే రాసుకుంటాను.

ఇవాళ పైడయ్య మావ ఆఫీసుకు వచ్చాడు. సీతకు మేనమామ. మొన్నటి దాకా బంటింగ్ వైపు రబ్బరు తోటలో కూలీల మీద కంగాణీ, ఇప్పుడు ఇక్కడ క్లాంగ్‌లో బియ్యం కొట్టు. చెప్పులు గుమ్మం బయట విప్పి, తలపాగా సర్దుకుని, దొర ముందు నిలబడి ఇల్లు కట్టుకుంటానన్నాడు. మూడంతస్తులు. నేను ఇంగ్లీషులో చెప్పాను. దొర నమ్మలేక త్రీ? అని అడిగాడు. ఆ మాట మావకి తెలుసు. మూడు వేళ్ళు చూపించాడు.

ఈ ఊళ్ళో తెలుగువాళ్ళెవరికీ మేడ లేదు. చెట్టియార్లకుంది, తౌకేలనే చీనా షావుకార్లకుంది. మావ ఎన్నేళ్ళుగా ఆ మేడల కింద నుంచి తల ఎత్తి చూసుకుంటూ నడిచాడో నాకు తెలుసు.

దొర ఆ పని నాకే ఇచ్చాడు. నేను చేరి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఎవరో గీసినవి ట్రేస్ చేయడమే. కాలువలు, మెట్లు, మరుగుదొడ్లు. పూర్తి ఇల్లు ఇదే మొదటిది. సన్యాసి అని నోరు తిరగక దొర నన్ను సన్నీ అంటాడు. ఇది మీ మనుషుల ఇల్లు సన్నీ, నువ్వే గియ్యి, అన్నాడు.

వెళ్తూ వెళ్తూ మావ మెట్ల దగ్గర నా భుజం పట్టుకున్నాడు. పైన ముందు గది నీకూ మా గుంటకీ అల్లుడా, ఆ సీకటి కొట్లో ఇంకెన్నాళ్ళుంటారు, అన్నాడు.

 బల్ల దగ్గరికి వచ్చి పెన్సిల్ చెక్కాను. చెక్కిన పెన్సిలే మళ్ళీ చెక్కాను.

ఫిబ్రవరి 9

మా గది పది అడుగులు, ఎనిమిది అడుగులు. కిటికీ లేదు.

కింద చీనావాడి మందుల కొట్టు. పైన పొడుగాటి ఒకే హాలు, దాన్ని పలకలు కొట్టి ఏడు గదులు చేశారు. ముందు గదిలో దర్జీ ఉంటాడు, కిటికీ ఆయనకే. మాది నాలుగోది. పలకలు పైకప్పు దాకా లేవు. ఆ సందులోంచి గాలి వస్తుందని ఇంటివాడు అంటాడు. వస్తుంది. ముందు మూడు గదుల వాళ్ళు పీల్చి వదిలాక మాకు వస్తుంది.

ఫిబ్రవరి 12

సీతను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కింద పనిచేసే డ్రెస్సర్ పాట్రిక్ మనవాడే, తోటలో పుట్టిన కిరస్తానీ తెలుగువాడు. వీపు మీద వేళ్ళతో తట్టి చూశాడు. కఫం చూశాడు. నన్ను వరండాలోకి పిలిచి ఊపిరితిత్తులే అన్నాడు. మందు ఇస్తాను కానీ మందుతో పోయేది కాదు అన్నాడు. పాలు, గుడ్లు, అన్నిటికంటే గాలి. మీ గదికి కిటికీలెన్ని అని అడిగాడు. లేవన్నాను. 

వార్డులో మంచం ఖాళీ అయితే కబురు చేస్తానన్నాడు. సీత వార్డు మాట ఎత్తనివ్వలేదు. వాళ్ళమ్మ ఆ వార్డుకే నడిచి వెళ్ళింది. తిరిగి నడిచి రాలేదు.

ఇల్లు ఎన్ని నెలల్లో అవుతుందని దొరని అడిగాను. ప్లాను పాసయితే ఏడు, ఎనిమిది అన్నాడు.

ఫిబ్రవరి 15

దర్జీని అడిగాను, గదులు మార్చుకుందామని. మొదట ఊఁ అన్నాడు. లోపల సీత దగ్గింది. మిషను కిటికీ దగ్గర లేకపోతే సూదిలో దారం ఎక్కదన్నాడు.

తోటలో సీత వాళ్ళ చిన్నాన్న ఉన్నాడు, అక్కడికి పంపుదామనుకున్నాను. దగ్గే మనిషిని కూలీల లైనులో పెట్టుకోనివ్వరట.

ఫిబ్రవరి 21

ఆఫీసు బీరువాలో పాత ప్లాన్లు సర్దుతుంటే మేముంటున్న ఇంటి ప్లాను దొరికింది. ఇరవై ఏళ్ళ నాటిది. ఎవడో మంచి పనివాడు. పై అంతస్తు చూశాను. ముందు భాగం బెడ్‌రూమ్. వెనక భాగం బెడ్‌రూమ్. మేము పడుకునే చోట అందంగా ఒక మాట రాసి ఉంది. స్టోర్.

ఊళ్ళో ఇళ్ళ ప్లాన్లు పాస్ చేసే బోర్డు రూలు నాకు బట్టీ వచ్చు. మనిషి పడుకునే గదికి నేల కొలతలో పదో వంతు కిటికీ ఉండి తీరాలి. స్టోర్‌కి అక్కర్లేదు. బస్తాలకు ఊపిరాడక్కర్లేదు కదా.

సీతకు చెప్పలేదు.

మార్చి 3

స్థలం పద్దెనిమిది అడుగుల వెడల్పు, తొంభై అడుగుల పొడుగు. రెండు పక్కలా పక్కవాళ్ళ గోడలు. అంటే వెలుతురు ముందు నుంచి రావాలి, వెనక నుంచి రావాలి, లేదా ఆకాశం నుంచి రావాలి. ఇరుకు ఊళ్ళో ఇల్లు గీయడమంటే ఈ మూడింటినీ పంచడమే. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుంది.

నిజం రాస్తాను. ముందు నా గది గీశాను, ఇల్లు తరవాత గీశాను.

పై అంతస్తు, ముందు గది. పద్నాలుగు అడుగులు, పన్నెండు అడుగులు. రెండు కిటికీలు, ఒక్కొక్కటి మూడున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. పదో వంతు చాలంటే నేను నాలుగో వంతు పెట్టాను. నేల నుంచి అడుగున్నర ఎత్తులోనే మొదలవుతాయి, పడుకున్న మనిషికి గాలి తగలాలి కాబట్టి. తలుపులకు అద్దాలు వద్దు, ఏటవాలు చెక్క పలకలు. వానకి మూసేసినా సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది. నది అటువైపే. సీత మంచం కూడా సన్నగా పెన్సిల్‌తో వేసి, తుడిచేశాను.

దొర చూసి నీట్ వర్క్ సన్నీ అన్నాడు. ఆ గది మరీ గాలిమరలా ఉందన్నాడు. ఉండాలన్నాను.

మార్చి 5

బ్లూప్రింట్ ఇంటికి తీసుకెళ్ళాను. సీత ముందు వాసన చూసింది. మనదెక్కడ అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆ వేలు తీశాక అక్కడ తన వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మెట్లెన్ని అని అడిగింది. నలభై ఒకటి. అన్ని మెట్లెక్కేసరికి ఉన్న ఊపిరి కాస్తా అయిపోద్ది కదా, పైకెళ్ళాక ఆ గాలంతా ఎవరు పీలుస్తారు అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. అయినా నవ్వింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి.

మార్చి 8, మంగళవారం

తప్పు చేశాను. దొర చేస్తే తప్పు కాదు. నేను చేశాను.

మావ ఇంటికి ప్లాను పట్టుకెళ్ళాను. మావ పిల్లలు ఐదుగురూ చుట్టూ మూగారు. అమ్మమ్మ నరసమ్మ, అంటే మావ తల్లి, సీతను పెంచింది ఆమే, చూపు సరిగా ఆనదు. అన్నీ నా చేత చెప్పించుకుంది. కొట్టు ఇక్కడ, వంట ఇక్కడ, పడక ఇక్కడ. అన్నీ విని అమ్మెక్కడ ఉంటాది బాబూ అని అడిగింది.

అమ్మ అంటే పైడితల్లమ్మ. ఒక ఇత్తడి కలశం, పసుపుగుడ్డ చుట్టి ఉంటుంది. విజయనగరం వైపు నుంచి ఓడలో వచ్చేటప్పుడు అమ్మమ్మ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని వచ్చిందట, దింపితే ఎవరైనా దాటుతారని. ఇప్పుడు ఇంటి వెనక తాటాకు పాకలో ఉంది. అమ్మ నెత్తి మీద ఆకు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మనిషి అడుగు అసలే పడకూడదు.

ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ మా ఊళ్ళో మిద్దెలెక్కడివి? తోట లైన్లలో మేడలెక్కడివి? నెత్తి మీద అడుగులు పడే ఇల్లు మనవాళ్ళు ఇంతవరకు కట్టలేదు. నేను అమ్మను కింద కొట్టు వెనక గదిలో పెట్టాను. ఆ పైన మావ పడక, ఆ పైన మా నడవ.

అమ్మమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మావ, అత్త, పిల్లలు ఐదుగురు, తను, మేమిద్దరం. ఇరవై కాళ్ళు బాబూ, అమ్మ నెత్తి మీద ఇరవై కాళ్ళా, అంది. కోప్పడలేదు. నా మీద జాలి పడింది. అదే ఎక్కువ తగిలింది.

మార్చి 10

దొరికింది!

ఇంటి నడుమ ఎయిర్ వెల్ అని వదలాలి. పైన కప్పు ఉండదు, మన మండువా లాంటిదే. అమ్మను మండువాలో పెడితే సరి. నాలుగడుగుల గట్టు, పైన మూడంతస్తుల ఎత్తూ ఆకాశమే. ఎవరి అడుగూ పడదు. వానకి చిన్న ఆకు పందిరి. మా గది అలాగే ఉంటుంది.

అమ్మమ్మకు చెప్తే నా మొహం రెండు చేతుల్లో పట్టుకుంది. మావ భోజనం పెట్టి పంపాడు. ఇవాళ నేను చాలా గొప్పవాడిని.

మార్చి 29

ప్లాను బోర్డుకి వెళ్ళింది.

ఏప్రిల్ 19

సీత బరువు తగ్గింది. జాకెట్టు చేతులు కుట్టి బిగించుకుంటోంది, నేను చూడకుండా.

మే 4

ప్లాను తిరిగొచ్చింది. ఎర్ర సిరా.

రెండు మాటలు రాశారు. ఒకటి, వెనక సందు కోసం పది అడుగులు వదలాలి. పాకీవాళ్ళు ముందు గుమ్మంలోంచి రాకూడదట. న్యాయమే. రెండు, ఎయిర్ వెల్‌లో ఏమీ కట్టకూడదు. గట్టు గాని, పందిరి గాని, ఏదీ. గాలికి అడ్డం. అదీ న్యాయమే. నేనే ఆ బోర్డులో ఉంటే నేనూ ఆ ఎర్ర గీతే గీసి ఉండేవాణ్ణి.

పది అడుగులు పోతే వంటిల్లు ముందుకు జరగాలి, మెట్లు జరగాలి, మండువా చిక్కిపోవాలి. రూలు ఎంత ఒప్పుకుంటుందో అంతకే చిక్కిపోయింది.

దొరతో వాదించాను. ఆరేళ్ళలో ఇదే మొదలు. ఆయన కోప్పడలేదు. అది ఒక చెంబు సన్నీ, చెంబుని ఎక్కడైనా పెట్టొచ్చు అన్నాడు.

మే 10, మంగళవారం

రాయాలని లేదు. రాస్తున్నాను.

మావ ఇంట్లో ప్లాను బల్ల మీద పరిచాం. ఎవరి అడుగూ పడని చోటు కావాలి. అంటే పై అంతస్తే. పై అంతస్తులో మూడు గదులు. వెనక గది కిందే మరుగుదొడ్డి. అమ్మను దాని మీద కూర్చోబెట్టలేం. నడిమి గదిలో పెడితే అమ్మ గోడ వైపు చూడాలి. అమ్మ తూర్పు చూడాలి, గాలీ వెలుతురూ తగలాలి, అని అమ్మమ్మ అంది. కొత్త ఇంటి వీధి గుమ్మం తూర్పుకే.

డ్రెస్సర్ పాట్రిక్ సీతకు చెప్పినదీ అదే. గాలీ, వెలుతురూ.

వాళ్ళందరికంటే ముందే నాకు తెలుసు. ఎర్ర సిరా చూసిన రోజే తెలుసు. పెన్సిల్ వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చున్నాను. ఎవరూ ముందు గది పేరెత్తలేదు. మావ ప్లాను వంక చూస్తాడు, నా వంక చూస్తాడు. చివరికి, అల్లుడా నువ్వే సెప్పు, సదువుకున్నోడివి, గీసినోడివి, ఇంకో సోటు ఎక్కడైనా ఉన్నాదేటి, అన్నాడు.

లేదన్నాను.

అబద్ధం చెప్పొచ్చు. కానీ ప్లాను అక్కడే పరిచి ఉంది. పద్దెనిమిది అడుగుల్లో ఏం దాచను?

మావకి కళ్ళనీళ్ళు వచ్చాయి. నడిమి గది మీదే, మండువా వైపు కిటికీ పెట్టుకో, ఎంత పెద్దదైనా పెట్టుకో, అన్నాడు. అమ్మమ్మ నేలకేసి చూస్తూ కూర్చుంది. వాళ్ళని తిట్టుకుందామంటే కూడా కుదరడం లేదు. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు.

మే 11

టిఫిన్ మానేసి డాబా మీద చిన్న గది గీశాను. ఎనిమిది అడుగులు, ఎనిమిది అడుగులు, అమ్మ ఒక్కర్తే పట్టేంత. దొర చూసి అది నాలుగో అంతస్తవుతుంది, బోర్డు ఒప్పుకోదు అన్నాడు. చీనా మేస్త్రీ ఉన్నాడు, పేరు ఆ హిన్, అతన్ని అడిగాను. తా బోలే లా, కుదరదు, ఆ గోడలు మోయవు అన్నాడు.

కాగితం చింపేశాను.

మే 12

సీతకు చెప్పాను. ఇచ్చెయ్యమంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అమ్మ సోటులో పడుకుంటే నాకు ఊపిరొస్తాదా, ఉన్నది కూడా పోద్ది, అంది.

నేను అరిచాను. అది చెంబు, అన్నాను. దొర మాట నా నోట్లోంచి వచ్చింది. ఆరు గదుల వాళ్ళూ విన్నారు. సీత చెవులు మూసుకుంది. అప్పటి నుంచి నా వైపు తిరిగి పడుకోవడం లేదు. దగ్గు నా మీద పడుతుందనట. అబద్ధం.

మే 13

ట్రేసింగ్ క్లాత్ మీద సిరా రబ్బరుకు పోదు. బ్లేడుతో గీకాలి. మెల్లగా, బట్ట తెగకుండా. గీకిన చోట మళ్ళీ రాస్తే సిరా పాకుతుంది, అందుకని గోటితో రుద్ది నున్న చేయాలి. బెడ్‌రూమ్ గీకేశాను. ప్రేయర్ రూమ్ అని రాశాను.

కిటికీలు ముట్టుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా.

జూన్ 20

పాసయింది.

జులై 11

పునాది తవ్వుతున్నారు. నీళ్ళు ఊరుతున్నాయి. ఆ హిన్ నవ్వుతాడు, క్లాంగ్‌లో ఎక్కడ తవ్వినా నదే లా, అంటాడు.

ఆగస్టు 2

నడిమి గదికి వెలుతురు లెక్కగట్టాను. మండువా ఆరడుగులు, ఎనిమిది అడుగులు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు. అది కూడా మబ్బు లేకపోతే. గాలి లెక్కగట్టడం నాకు రాదు. రాకపోవడమే నయం.

సీత ఇవాళ నా వైపు తిరిగి పడుకుంది.

సెప్టెంబరు 14

వార్డులో మంచం ఖాళీ అయిందని పాట్రిక్ కబురు చేశాడు. సీత వెళ్ళనంది. నేను బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. ఇంటికి పోదామంది. ఏ ఇంటికి అన్నాను. నువ్వు గీసినావు కదా, ఆ ఇంటికి, అంది.

అక్టోబరు 23, ఆదివారం. సాయంత్రం నాలుగు

ఇది ఆ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. సీత నిద్రపోతోంది.

పనివాళ్ళకి ఇవాళ సెలవు. పైకప్పు పడింది. కిటికీ చట్రాలు నిలబెట్టారు, తలుపులింకా బిగించలేదు. అమ్మను ఇంకా తేలేదు. అంటే ఇవాళ్టికి ఇది ఉత్త గదే. రిక్షాలో తీసుకొచ్చాను. మెట్ల దగ్గర వీపు మీద ఎక్కించుకున్నాను. నలభై ఒక్క మెట్లు ఒక్కసారైనా ఆగకుండా ఎక్కాను. ఎక్కగలిగినందుకే భయం వేసింది. మనిషి అంత తేలికగా ఉండకూడదు.

చాప పరిచాను. సరిగ్గా నేను పెన్సిల్‌తో మంచం వేసి తుడిచిన చోటే. తలగడ మీద తల పెట్టింది, గాలి వచ్చి మొహం మీద పడింది. వచ్చింది! నేను లెక్క వేసిన చోటు నుంచి, లెక్క వేసినట్టే. జుట్టంతా ఎగిరి నోట్లో పడుతుంటే తీసుకుంటూ నవ్వింది. నది కనిపిస్తోందా అని అడిగాను. నది, పడవలు, రైలు స్టేషను రేకులు, ఒకడు మేడ మీద బట్టలు ఆరేస్తున్నాడు, వాడి పంచె ఎగిరిపోయింది, అని చెప్పింది. ఇక్కడ దగ్గు రావట్లేదంది. వచ్చింది గాని తక్కువ. నేను లెక్కపెట్టాను. గంటలో నాలుగుసార్లు. ఇంట్లో అయితే నేను లెక్కపెట్టడం మానేశాను.

అన్నం తిన్నది. రెండు గుడ్లు తిన్నది. ఒంటి గంటకు నిద్రపోయింది, ఇంకా లేవలేదు. మూడు గంటలు. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తోంది.

లేపాలి. లేపబుద్ధి కావడం లేదు. సున్నం వాసన, గాలి, ఈమె. ఇంకేమీ అక్కర్లేదు. అమ్మా, ఒక సంవత్సరం నువ్వు ఆ తాటాకుల కిందే ఉండకూడదా? అడుగుతున్నాను. ఊరికే అడుగుతున్నాను.

అక్టోబరు 26

వచ్చే ఆదివారం కూడా వెళ్దామనుకున్నాం. సీతే పాడు చేసింది. భయపడి అమ్మమ్మకు చెప్పేసిందట, అమ్మ చోటులో పడుకున్నానని. అమ్మమ్మ తిట్టలేదు. సీత తల నిమిరి, ఏడ్చి, పసుపునీళ్ళు ఇచ్చి మావను పంపిందట గది కడగమని. ఇంక అమ్మ వచ్చేదాకా ఆ గదికి తాళం.

సీత పేర అమ్మ దగ్గర దీపం పెట్టింది అమ్మమ్మ. రాత్రీ పగలూ ఆరకూడదు. అది వెలుగుతున్నన్నాళ్ళూ సీతకు ఏమీ కాదట.

నవంబరు 4

రక్తం పడింది.

నవంబరు 8

మళ్ళీ. పాట్రిక్ వచ్చి చూశాడు. బయటికి వచ్చాడు. మా గది పలకల మీద చెయ్యి పెట్టి ఒకసారి తోసి చూశాడు.

నవంబరు 15

ముందు గది తాళం అడగడానికి మావ దగ్గరికి వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళాను. లోపల అమ్మమ్మ దీపంలో నూనె పోస్తోంది, ప్రమిద అంచు వేలితో తడుముకుంటూ. తిరిగొచ్చేశాను. ఎందుకు తిరిగొచ్చానో జీవితాంతం ఆలోచించుకోవచ్చు.

నవంబరు 17

సీత పోయింది. పొద్దున్న ఏడింటికి. కిటికీ లేని మా గదిలోనే.

డిసెంబరు 9

ఆఫీసుకి వచ్చాను. దొర చెయ్యి కలిపాడు. నా బల్ల మీద ఇంకెవరిదో కాలువ ప్లాను పెట్టి ఉంది. ట్రేస్ చేశాను.

డిసెంబరు 27, మంగళవారం

గృహప్రవేశం. మైల వెళ్ళేదాకా ఆగి, అమ్మ వారమని మంగళవారం పెట్టారు. క్లాంగ్‌లో తెలుగువాళ్ళంతా వచ్చారు. తోటల నుంచి లారీల్లో వచ్చారు. మెట్లు చేత్తో తడిమి చూస్తారు, కిటికీల్లోంచి తొంగి చూస్తారు, ఎవరు గీసినారంటే నన్ను చూపిస్తారు. ఒక ముసలాయన దణ్ణం పెట్టాడు.

అమ్మను పైకి మావే తీసుకెళ్ళాడు, నెత్తి మీద పెట్టుకుని. డప్పులు. నేను మెట్లు ఎక్కలేదు. వెలిగే దీపాన్ని కూడా అలాగే తీసుకెళ్ళారు. సీత పోయిన రోజున ఆ దీపం వెలుగుతూనే ఉందట. అమ్మమ్మ మొదట తీసేయమన్నదట, తరవాత వద్దంది. ఇంట్లో ఇంకా పిల్లలున్నారు కదా అంది.

అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పి. ఆమె కూడా మెట్లు ఎక్కలేదు. ఓడలో ఒళ్ళోంచి దింపని అమ్మను ఇంక చూసే దారి లేదు. నలభై ఒక్క మెట్లు పెట్టింది నేనే. మేమిద్దరం కింద మెట్టు మీద కూర్చున్నాం, పక్కపక్కన. ఆమె నా చెయ్యి పట్టుకుంది. అమ్మ మీద కోపమున్నాదా బాబూ అని అడిగింది. లేదన్నాను.

ఉంది. ఇక్కడైనా నిజం రాస్తాను. ఉంది. అంతకంటే నా మీద ఉంది, ప్లాను మీద ఉంది, ఆ పది అడుగుల మీద ఉంది. ఎవరి మీద పెట్టుకున్నా నిలవడం లేదు.

మావ నడిమి గది తాళం ఇచ్చాడు. తిరిగి ఇచ్చేశాను. నేను ఇంకా ఆ స్టోర్‌లోనే ఉంటున్నాను.

1928 జనవరి 10, మంగళవారం

మావ ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు విప్పి, గుమ్మంలోనే నిలబడ్డాడు. పైన దీపం నిలవడం లేదట. నది గాలి. రోజుకి నాలుగైదుసార్లు ఆరిపోతోంది. తలుపులు మూసినా సందుల్లోంచి గాలి కొడుతోంది. కింద అమ్మమ్మ గంటగంటకీ వెలుగుతోందా అని కేకేసి అడుగుతుంది, ఆరిందంటే అన్నం ముట్టదు, పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి ఒళ్ళు పట్టి చూస్తుంది. చిన్నదానికి నిన్న జలుబు చేసిందట.

దీపానికి గాజు చిమ్నీ పెట్టమన్నాను. అమ్మ దీపానికి గాజేటి అని అమ్మమ్మ ముందే అన్నదట. అద్దాల తలుపులు వేయిస్తానన్నాను. పిల్లలు పడవలు చూడ్డానికి తీసేస్తారు అల్లుడా, అన్నాడు. చివరికి, ఇటుకతో కట్టించెయ్యి, రెండూ, అన్నాడు. నా మొహం చూడలేక బల్ల మీద పెన్సిళ్ళు చూస్తూ అన్నాడు.

దొరకి చెప్పాను. కిటికీ లేకపోతే ఆ గది పాసవదన్నాడు. తరవాత తనే, ఎవరూ పడుకోరు కదా అన్నాడు. పడుకోరన్నాను.

జనవరి 12. టిఫిన్ వేళ

రెండు కిటికీలూ గీకేశాను. కొలతలు చూసుకోనక్కర్లేకపోయింది. ప్రేయర్ రూమ్ కూడా గీకాను. ఒకే చోట రెండోసారి, బట్ట పల్చబడింది గాని తెగలేదు. గోటితో రుద్దాను. స్టోర్ అని రాశాను.

దొర వచ్చి చూశాడు. నీట్ వర్క్ సన్నీ అన్నాడు.